పబ్లిసిస్టు అను మాట

మన పాఠశాల వార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాసి పంపవలసినదని ప్రధానోపాధ్యాయులవారు నాకు జాబు వ్రాసిరి. "మీ వృత్తిని గురించియే వ్రాయుడు. మన పిల్లలు ఇంజనీరు, డాక్టరు అను రెండు మాటలు తప్ప వేరొక వృత్తి పేరు ఎరుగరు" అని వారు అందులో సెలవిచ్చిరి. జాబు చదివి నవ్వుకొంటిని గాని, వ్రాయుటకు కూర్చున్నప్పుడు నా వృత్తికి పేరు చెప్పుటయే కష్టమయ్యెను. ఇంగ్లీషున దానిని పబ్లిసిస్టు అందురు. తెలుగున దానికి స్థిరపడిన మాట లేదు. క్రిందటి యేడు పూర్వవిద్యార్థుల సమావేశమునకు వచ్చినప్పుడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు నన్ను సమీపించి, "పబ్లిసిస్టంటే ఏంటండీ? సినిమా పోస్టర్లు అంటించేవాళ్ళా?" అని అడిగెను. ప్రక్కనున్న వారందరు నవ్విరి, నేనును నవ్వితిని. కాని ఆ బాలునికి సరియైన జవాబు చెప్పకయే వెడలిపోతిని. ఆ బాకీని ఈ వ్యాసముతో తీర్చుకొనదలచితిని.

ఆ మాటను నేను మొట్టమొదట చూచినది మన పాఠశాలలోనే. నేను తొమ్మిదవ తరగతిలో ఉన్నప్పుడు ప్రతి శుక్రవారము చివరి గంట గ్రంథాలయమునకు కేటాయింపబడి యుండెను. గ్రంథాలయమనగా గొప్ప భవనము కాదు. కిటికీకి వేపకొమ్మ తగులుచుండెడి ఒక చిన్న గది, అందులో మూడు చెక్క బీరువాలు. ఒకనాడు దేశప్రముఖుల జీవితసంగ్రహములున్న పాత ఇంగ్లీషు పుస్తకమొకటి నా చేతికి వచ్చెను. అందు చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి గారి పేరు క్రింద వకీలు అనిగాని, ఉపాధ్యాయుడు అనిగాని, జమీందారు అనిగాని లేదు. 'పబ్లిసిస్టు' అని ఒక్కమాట మాత్రము ఉండెను. వెంటనే బల్లమీది పెద్ద నిఘంటువును తెరచితిని. దానిలో ఆ మాటకు రెండే అర్థములు కనబడినవి. రాజ్యములు ఒండొరులయెడ నడచుకొనవలసిన ధర్మమును గూర్చి వ్రాయువాడు అని మొదటిది. నాటి రాజకీయ విషయములను గూర్చి ప్రజలకొరకు వ్రాయువాడు అని రెండవది.

ఆ గంటకు మాకు పర్యవేక్షకులుగా నుండిన తెలుగు పండితులవారి దగ్గరకు పోయి చింతామణి గారెవరని అడిగితిని. వారు తమ కండ్లజోడు తుడుచుకొనుచు ఇట్లు చెప్పిరి: "మనవారే నాయనా. 1880లో విజయనగరమున పుట్టి, ఉత్తరాదికి పోయి, 1909లో అలహాబాదున వెలసిన 'లీడర్' పత్రికను చేతబట్టిరి. 1921లో ఆ ప్రాంతమునకు విద్యామంత్రియైరి. 1923లో మంత్రి పదవిని వదలుకొని మరల పత్రిక దగ్గరకే వచ్చిరి. మన భాష మాటలాడని జనము నడుమ, మన తెలుగువాడొకడు కలము తప్ప వేరొక బలము లేక పెద్దమనిషి యయ్యెను." ఆ మాటలు విని నా యొడలు పులకరించెను. "అట్లయిన నేనుకూడ పబ్లిసిస్టునే అయ్యెదనండి" అంటిని. పండితులవారు నన్ను ఎగాదిగ చూచి, "మంచిదే. ఎవరి పక్షమున?" అని అడిగిరి. నాకు అర్థము కాలేదు. గంట మ్రోగెను. నేను పరుగెత్తి పోతిని.

విద్యార్థులారా, ఆ ప్రశ్నను తరువాతి కాలమున నేనెట్లు తెలిసికొంటినో చెప్పుటకు ముందు, ఈ మాట నడచిన త్రోవను కొంచెము చూపవలసి యున్నది.

లాటిను భాషలో 'పబ్లికుస్' అనగా ప్రజలకు సంబంధించినది. దానినుండి ఫ్రెంచివారు 'పబ్లిసిస్టు' అను మాటను కల్పించుకొనిరి. పదునెనిమిదవ శతాబ్దపు చివరి భాగమున ఇంగ్లీషువారు దానిని ఎరువు తెచ్చుకొనిరి. మొదట అది గొప్ప ధర్మశాస్త్రజ్ఞులకు చెల్లిన పేరు. అట్టి శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు హాలండు దేశీయుడైన హ్యూగో గ్రోషియస్. ఆయన తన దేశపు పాలకులతో వచ్చిన విభేదము వలన కోటలో బంధింపబడి, 1621లో పుస్తకముల పెట్టెలో దాగి తప్పించుకొని పోయెను. పిదప 1625లో యుద్ధధర్మమును, శాంతిధర్మమును గూర్చిన మహాగ్రంథమును ప్రకటించెను. రాజులు సైతము ధర్మమునకు లోబడి యుండవలెనని చెప్పుట అట్టివారి పని. ఈ పాత అర్థము చచ్చిపోలేదు. హేగు నగరములోని అంతర్జాతీయ న్యాయస్థానమునకు 1945లో ఏర్పడిన నిబంధనావళి కలదు. అందలి 38వ అధికరణము, న్యాయమును నిర్ణయించుటకు సహాయముగా వివిధ దేశముల ఉత్తమ 'పబ్లిసిస్టుల' ఉపదేశములను చూడవచ్చునని నేటికిని చెప్పుచున్నది.

తరువాత అచ్చుయంత్రములు పెరిగి, పత్రికలు వాడవాడలకు ప్రాకినవి. అప్పుడు రాజులకు ధర్మము చెప్పువాని పేరు, ప్రజల బాగోగులను గూర్చి పత్రికలలో వ్రాయువానికి సంక్రమించెను. జర్మనీలోను, రష్యాలోను ఆ మాట ముఖ్యముగా ఈ అర్థముననే నేటికిని నిలిచి యున్నది. మన తెలుగుసీమలో అట్టివారికి కొరత లేదు. కందుకూరి వీరేశలింగము గారు 1874లో 'వివేకవర్ధని'ని స్థాపించి, లంచములు మెక్కెడి ఉద్యోగులను, వితంతువులను బాధించెడి ఆచారములను నిలువున కడిగివేసిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1908లో 'స్వరాజ్య' పత్రికలో వెలువడిన వ్యాసమునకై రాజద్రోహ నేరముమీద చెరసాలకు పోయిరి. సురవరము ప్రతాపరెడ్డి గారు 1926లో హైదరాబాదున 'గోలకొండ పత్రిక'ను నెలకొల్పి, నిజాము రాజ్యములోని తెలుగువారికి గొంతుక నిచ్చిరి. వీరిలో ఎవ్వరును తమ సంచి నింపుకొనుటకు కలము పట్టలేదు. తమ మాటకు తామే ఖరీదు చెల్లించిరి.

ఇరువదవ శతాబ్దారంభమున అమెరికాలో ఈ మాట ఒక మలుపు తిరిగెను. అక్కడ రైలు కంపెనీలు, బొగ్గుగనులు, నాటకశాలలు తమను గూర్చి పత్రికలలో మంచిమాట పడుటకు మనుష్యులను జీతమిచ్చి పెట్టుకొనుట మొదలుపెట్టినవి. ఆ జీతగాండ్రకు కూడ పబ్లిసిస్టులనియే పేరు వచ్చెను. వారిలో ఐవీ లీ అను నతడు తెలివిగలవాడు. 1906లో బొగ్గుగనుల యజమానుల తరఫున పనిచేయుచు, తన పని అంతయు బహిరంగముగనే జరుగుననియు, తానిచ్చు వార్తలు ఖచ్చితమైనవై యుండుననియు పత్రికలవారికి ఒక ప్రకటన పంపెను. అది మంచి ప్రతిజ్ఞ. కాని 1914లో కొలరాడో రాష్ట్రమున లడ్లో అను చోట సమ్మెకట్టిన గనికార్మికుల గుడారములపై కాల్పులు జరిగి, గుడారములు తగులబడి, స్త్రీలును పసిపిల్లలును మరణించిరి. అప్పుడు యజమానుల పక్షమున లీ ప్రచురించిన పత్రములలో కార్మిక నాయకుల జీతములు ఉన్నదానికి అనేక రెట్లు హెచ్చుగా చూపబడినవని పిదప విచారణలో తేలెను. ప్రతిజ్ఞ వ్రాసిన చేయియే ఆ పత్రములను వెలువరించెను.

మరియొకడు ఎడ్వర్డు బెర్నేస్. 1929లో ఈస్టరు పండుగనాడు న్యూయార్కు వీథిలో కొందరు యువతులు సిగరెట్లు వెలిగించుకొని ఊరేగింపులో నడచిరి. అది స్త్రీస్వాతంత్ర్యమునకు చిహ్నమైన 'దివిటీ'లని పత్రికలు వార్తగా వ్రాసినవి. ఆ దృశ్యమును ఏర్పాటు చేసినవాడు బెర్నేస్ అనియు, అతనికి సొమ్మిచ్చినది ఒక సిగరెట్టు కంపెనీ అనియు ఆ వార్త చదివినవారికి తెలియదు. పండితులవారి ప్రశ్నకు అర్థము ఇచ్చట కొంత బోధపడును. పూర్వపు పబ్లిసిస్టు ప్రజల పక్షమున నిలిచి ఏలువారితో మాటలాడెను. క్రొత్త పబ్లిసిస్టు సొమ్మిచ్చినవారి పక్షమున నిలిచి ప్రజలతో మాటలాడుచున్నాడు. మాట అదియే, నిలుచున్న తావు మాత్రము మారినది.

ఇదంతయు పుస్తకములలో చదివినది. ఇక నేను నా వలన తెలిసికొన్నది చెప్పెదను. ఇది చెప్పుటకు నాకు సంతోషము లేదు.

చదువు ముగించిన పిమ్మట నేను విజయవాడలో ఒక దినపత్రికలో తొమ్మిదేండ్లు ఉపసంపాదకుడుగా పనిచేసితిని. పిల్లలు పెద్దవారగుచుండిరి, జీతము చాలకుండెను. అప్పుడు పోటీపరీక్షలకు శిక్షణ నిచ్చు ఒక సంస్థవారు రెట్టింపు జీతమిచ్చి నన్ను తమ ప్రచార విభాగమునకు పిలిచిరి. నా బల్లమీది పలకపై పబ్లిసిస్టు అని పేరు చెక్కించిరి. ఆ పలకను చూచి, చిన్ననాటి కోరిక తీరినదని నేను కొన్నాళ్ళు గర్వపడితినని ఒప్పుకొనవలెను.

2015 వేసవిలో పరీక్షా ఫలితములు వెలువడినవి. ప్రభుత్వ పాఠశాలలోను, ప్రభుత్వ కళాశాలలోను చదువుకొన్న ఒక పేద బాలికకు మంచి ర్యాంకు వచ్చెను. ఆమె మా సంస్థలో చదివినది కాదు. పరీక్షకు ముందు మేము జరిపిన ఒక నమూనా పరీక్షను మాత్రము వ్రాసెను. ఆ నాడు హాలు టిక్కెట్టుకొరకు తీసిన ఫొటో మా యొద్ద ఉండెను. "ఆ అమ్మాయి ఫొటో నడుమ పెద్దదిగా వేయించండి" అని మా యజమాని చెప్పిరి. నేను ఒక్క నిమిషము తటపటాయించి, ఫొటో క్రింద 'మా విజయకేతనము' అని వ్రాసితిని. 'మా విద్యార్థిని' అని వ్రాయలేదు గనుక అబద్ధమాడలేదని నా మనస్సునకు నచ్చజెప్పుకొంటిని. తొమ్మిదేండ్లు వార్తలు దిద్దినవాడను. ఏ మాటను ఎంతవరకు వంచిన విరుగదో నాకు బాగుగ తెలియును. మరునాడు ఆ ప్రకటన పత్రికలలో మొదటి పుట నిండ పడెను.

మూడు వారములు గడచినవి. ఒకనాటి మధ్యాహ్నము పల్నాడునుండి ఒక మిరపరైతు తన కుమారుని వెంటబెట్టుకొని మా కార్యాలయమునకు వచ్చెను. దారి తెలియక అతడు నా గదిలోనికి వచ్చి, చొక్కా జేబునుండి నాలుగు మడతలు పెట్టిన కాగితమొకటి తీసి నా బల్లమీద పరచెను. అది నేను వ్రాసిన ప్రకటనయే. చెమటకు తడిసి అంచులు నలిగి యుండెను. అతడు ఆ బాలిక ముఖముపై వ్రేలుంచి, "అయ్యా, ఈ పాప ఏ గదిలో కూర్చుని చదివిందో ఆ గదిలోనే మావాణ్ణి కూడా కూర్చోబెట్టించండి. అంతకంటే నాకేం వద్దు" అనెను. పాడిగేదెను అమ్మి మొదటి వాయిదా ఫీజు తెచ్చినట్లు ఆ పిల్లవాడు నెమ్మదిగా చెప్పెను.

అట్టి గది లేదు. ఆ మాట నా నాలుకపైకి వచ్చెను. కాని నేను, "చూద్దాం లెండి" అంటిని. అంతటితో ఊరకుండక, లేచి వారిని ఫీజు కట్టెడి కౌంటరు దాక నేనే తీసికొనిపోతిని. వారు సొమ్ము లెక్కపెట్టుచుండగా వెనుదిరిగి వచ్చితిని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వేపకొమ్మ తగిలెడి కిటికీయు, కండ్లజోడు తుడుచుకొనుచున్న పండితులవారును కన్నులయెదుట నిలిచిరి. ఎవరి పక్షమున అని వారు నన్ను అడిగిన నాడు నాకు అర్థము కాలేదంటిని. ఇప్పుడు అర్థమైనది, జవాబు చెప్పుటకు మాత్రము నోరు రాలేదు.

వెంటనే ఉద్యోగము వదలితినని చెప్పిన మీరు నన్ను మెచ్చుకొందురు గాని, అది నిజము కాదు. ఇంటి అద్దెయు, పిల్లల చదువును జ్ఞాపకము వచ్చి, ఇంకను నాలుగు నెలలు ఆ పలక వెనుకనే కూర్చుంటిని. దసరా సెలవులలో రాజీనామా పంపితిని. సంక్రాంతి వెళ్ళిన పిదప చిరునామా కనుగొని ఆ రైతు గ్రామమునకు పోతిని. అతడు కల్లములో మిరపకాయలు ఎండబోయుచుండెను. జరిగినదంతయు దాచక చెప్పితిని. అతడు చేతులు దులుపుకొని కొంతసేపు ఊరకుండి, "చెప్పటానికి ఇంత దూరం వచ్చారు, సంతోషం బాబూ. ఆ రోజు కౌంటరు దాకా నాతో నడిచారే, ఆ పది అడుగుల్లో చెప్పి ఉంటే నా గేదె మిగిలేది" అనెను. నేను కొంత సొమ్ము ఇయ్యబోతిని, పుచ్చుకొనలేదు. కుండలోని చల్లని నీరు ముంచి ఇచ్చెను. ఆ పిల్లవాడు ఆ తరువాత పాలిటెక్నికులో చేరి చక్కగనే చదివెను. అందులో నా ప్రకటనకు గాని, ఆ సంస్థకు గాని పాలు లేదు.

నేను చేసినటువంటి పనికి ఇప్పుడు చట్టము అడ్డు నిలిచినది. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ శిక్షణ సంస్థల ప్రకటనలకు మార్గదర్శక నియమములు విధించెను. విద్యార్థి విజయము పొందిన పిమ్మట వ్రాతమూలకముగ అనుమతి పొందనిదే వారి పేరుగాని, ఫొటోగాని వేయరాదు. వారు ఆ సంస్థలో ఏ శిక్షణ పొందిరో కూడ తెలుపవలెను. చట్టము వచ్చుట మంచిది. కాని కౌంటరు దాక నడచు పది అడుగులలో మన ప్రక్కన ఏ చట్టమును నడవదు.

అట్లయిన సొమ్ము పుచ్చుకొని ప్రచారము చేయుటయే పాపమా యని మీరడుగవచ్చును. కాదని చెప్పుటకు మన తెలుగువారిలోనే ఒక దృష్టాంతము కలదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనము తయారు చేయ నారంభించిరి. దానిని సంగీతసభలలో ఉచితముగా పంచిపెట్టి జనులకు అలవాటు చేసిరి. ప్రచారవిద్యలో ఆయనను మించినవారు నాడు అరుదు. ఆ మందుమీద వచ్చిన లాభముతో 1908లో 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా స్థాపించి, 1914లో మదరాసున దినపత్రికగా నడిపిరి. 1924లో 'భారతి'ని వెలయించిరి. పబ్లిసిస్టు అను మాటకు గల పాత అర్థమును, క్రొత్త అర్థమును ఒక్క మనిషియందే ఇమిడి యుండెను. తలనొప్పి మందును తలనొప్పి మందనియే చెప్పి అమ్మిరి. దేశమును గూర్చి చెప్పదలచినది పత్రికలో చెప్పిరి. జనులు ఆ సీసాను మరువలేదు. ఆయనను దేశోద్ధారకుడనియు పిలిచిరి.

నేను నేడును ప్రచారవృత్తిలోనే ఉన్నాను. చేనేత సహకార సంఘములకు కరపత్రములు, పత్రికా ప్రకటనలు వ్రాసియిచ్చుట నా పని. క్రిందటి యేడు ఒక సంఘమువారు తమ చీరెలకు 'చెట్టురంగులు' అని వ్రాయమనిరి. అద్దకపు తొట్ల దగ్గరకు పోయి చూచితిని. అవి రసాయన రంగులు. "మంచి రంగులే గదా, అవే పేరు చెప్పుదము, ఉతికిన దిగవని వ్రాయుదము" అంటిని. వారు కొంచెము గొణిగి ఒప్పుకొనిరి. చీరెలు అమ్ముడుపోయినవి. ఇప్పుడు ఏది వ్రాసినను అచ్చునకు పంపుటకు ముందు ఒకమారు బిగ్గరగా చదువుకొందును. చదువునప్పుడు ఆ మిరపరైతు ఎదుట కూర్చుండి వినుచున్నట్లు తలంతును. ఏ మాట దగ్గర నా గొంతు సన్నగిలునో ఆ మాటను కొట్టివేయుదును.

తెలుగున పబ్లిసిస్టునకు స్థిరమైన మాట లేదని మొదట చెప్పితిని. కాని వాని పనికి మంచి మాటయే కలదు. అది 'ప్రకటన'. ప్రకటము అనగా స్పష్టముగా కనబడునది. మరుగున నున్నదానిని కనబడునట్లు చేయుట ప్రకటన. మన తెలుగు బైబిలులోని కడపటి గ్రంథమునకు ఆ పేరే ఉన్నది. బట్టల కొట్టువాడు పత్రికలో వేయించునదియు ఆ పేరుననే చెల్లుచున్నది. ఇంత పెద్ద మాటను ఇంత చిన్న పనికి వాడుచున్నామని నాకు ఒకప్పుడు నవ్వు వచ్చెడిది. ఇప్పుడు రాదు. కనబడునట్లు చేసినప్పుడే అది ప్రకటన. దాచుటకొరకు వ్రాసినదానికి ఆ పేరు చెల్లదు.

తలిదండ్రులకు నా మనవి యొకటి. నవ్వుచున్న పిల్లల ముఖములతో నిండిన పుట మీ చేతికి వచ్చినప్పుడు, ఆ పిల్లలు ఎక్కడ చదివిరి, ఎన్నాళ్ళు చదివిరి, ఈ పుటకు సొమ్మెవరు చెల్లించిరి అని అడుగుడు. అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. విద్యార్థులారా, మీలో కొందరు రేపు కలము పట్టెదరు. పత్రికకు వ్రాసినను, కంపెనీకి వ్రాసినను, చదువువాడు మిమ్ము నమ్మి తన జేబులోనిది తీయునని మరువవలదు.

ఈ వ్యాసము పూర్తి చేయుటకు ముందు ఒకమారు మన పాఠశాలకు వచ్చి ఆ గదిని చూచితిని. బీరువాలు ఇప్పుడు ఇనుపవి. పండితులవారు గతించి చాల కాలమైనది. పాత నిఘంటువు అట్ట ఊడి, తాడుతో కట్టబడి, పై అరలో ఇంకను ఉన్నది. ఆ పుట తెరచితిని. నేటికిని అందు రెండు అర్థములే ఉన్నవి. మూడవది ప్రక్కన వ్రాయుదునా యని జేబులోని పెన్సిలు తీసితిని గాని, గ్రంథాలయ పుస్తకములపై వ్రాయరాదను పండితులవారి ఆజ్ఞ జ్ఞాపకము వచ్చి మరల జేబులో పెట్టుకొంటిని.

ఎనిమిదవ తరగతిలో నన్ను ప్రశ్నించిన చిరంజీవి ఇప్పుడు తొమ్మిదవ తరగతిలో ఉండును. నాయనా, పోస్టర్లు అంటించువాడును పబ్లిసిస్టే కావచ్చును. పోస్టరుమీద ఏమున్నదో ముందు చదివి, పిదప అంటించినయెడల అతడు మంచి పబ్లిసిస్టు.